కత్తుల పోటీ చూసి వచ్చే పిల్లలకు ఒక కొలిమి కావాలి: పరిశ్రమల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను నిజామాబాద్ జిల్లాలో ఒక కమ్మరి ఇంట్లో పుట్టాను. బాలానగర్‌లోని చిన్న పరిశ్రమల్లో ముప్పై ఏళ్లు ఉక్కును కాల్చి చల్లార్చి గట్టిపరిచే హీట్ ట్రీట్‌మెంట్ చేసే పనిలో గడిపి, ఇప్పుడు మూసాపేటలో విశ్రాంతిగా ఉంటున్నాను. కొన్నేళ్లుగా నా దగ్గరికి ఇంజనీరింగ్ చదివే పిల్లలు, ఐటీ కొలువుల్లో ఉన్న యువకులు, ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు కూడా ఒకే ప్రశ్నతో వస్తున్నారు: కొలిమిలో కాల్చి కత్తి కొట్టడం ఎక్కడ నేర్చుకోవాలి? వారిలో దాదాపు అందరికీ ఆ ఆశ పుట్టింది ఒక్క టీవీ పోటీని చూసే. అమెరికాలో హిస్టరీ చానల్ 2015 జూన్‌లో మొదలుపెట్టిన ‘ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్’ అనే ఆ కార్యక్రమం గురించి, అది పుట్టించిన ఆసక్తికి మన నగరంలో ఎక్కడా చోటు లేకపోవడం గురించి మీకు విన్నవించుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మీరు చూసి ఉండకపోతే దాని తీరు క్లుప్తంగా చెబుతాను. నలుగురు కమ్మరులకు ఉక్కు ఇచ్చి, కొన్ని గంటల గడువులో అలుగు, అంటే పిడి లేని కత్తి రేకు, కొట్టమంటారు. పగులో వంకరో కనిపించిన కత్తి చేసినవారు వరుసగా తప్పుకుంటారు. మిగిలిన ఇద్దరు తమ సొంత కొలిముల దగ్గరికి వెళ్లి, కొద్ది రోజుల్లో ఒక చారిత్రక ఆయుధాన్ని తయారుచేసి తెస్తారు. న్యాయనిర్ణేతలు దాన్ని ఎముకల మీద, తాళ్ల మీద, గట్టి వస్తువుల మీద కొట్టి చూసి, గెలిచినవారికి 10,000 డాలర్లు ఇస్తారు.

ఈ పోటీ చేసిన మేలును ముందు ఒప్పుకోవాలి. మా నాన్నకు నేను సమ్మెట పట్టడం ఇష్టం ఉండేది కాదు. కర్రు చరిచినందుకు, కొడవలికి కక్కులు కొట్టినందుకు ఏడాదికోసారి కల్లం దగ్గర కొలిచే గింజలే ఆయన సంపాదన. ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు వచ్చాక ఆ గింజలు కూడా ఆగిపోయాయి. ‘నీ చేతికి మసి అంటకూడదు బిడ్డా’ అని ఆయన నన్ను పాలిటెక్నిక్‌కు పంపాడు. అలాంటి పనిని, కొలిమి ముఖం ఎన్నడూ చూడని ఒక పట్నం పిల్లవాడు నా ముందు కూర్చుని ‘ఇది గొప్ప విద్య సార్, మీ నాన్నగారు ఎలా చేసేవారో చెప్పండి’ అని అడిగిన రోజున నాకు కంట నీరు ఆగలేదు. ఏ ప్రభుత్వ ప్రకటనా మా వృత్తికి తేలేని గౌరవాన్ని ఒక టీవీ పోటీ తెచ్చింది.

అయితే ఆ పోటీ చూపలేనిది ఒకటుంది, అది కాలం. గడియారం పరుగెత్తుతుంటే ఉత్కంఠ పెరుగుతుందేమో గానీ, ఉక్కు తొందరకు లొంగదు. కొడవలికి పదను పెట్టే పని, అంటే కాల్చి ముంచి అంచును గట్టిపరిచే పని, మా నాన్న ఎప్పుడూ పట్టపగలు చేయలేదు. పొద్దుగూకి పాకలో మసక చీకటి కమ్ముకున్నాకే ఇనుము అసలు రంగు కంటికి ఆనుతుందనేవాడు. అలుగు మోదుగపువ్వు రంగుకు వచ్చేదాకా తిత్తి ఊది, అంచును మాత్రమే నీళ్లలో ముంచి తీసి, ఆకురాయితో ఒక చోట గీకేవాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచు వైపు పాకుతుంటే, గీకిన చోట మొదట ఎండుగడ్డి రంగు తేలుతుంది, తరువాత బెల్లం రంగు, ఆపైన ఊదా, చివరికి నెమలి కంఠపు నీలం. కొడవలికి ఎక్కడ ఆపాలో, గొడ్డలికి ఎక్కడ ఆపాలో, రాళ్ల మీద పడే గడ్డపార మొనకు ఎక్కడ ఆపాలో ఆయన కన్నుకు తెలుసు. ఆ క్షణానే మళ్లీ నీళ్లలో ముంచేవాడు. గడ్డి రంగు అంటే సుమారు 220 డిగ్రీలని, నీలం అంటే సుమారు 300 డిగ్రీలని నేను బాలానగర్‌లో ఫర్నేస్ మీటర్లు చూసి తరువాత తెలుసుకున్నాను. నీళ్లలో ముంచగానే గాజులా పెళుసెక్కిన ఉక్కుకు కొంత సాగుడు తిరిగి ఇచ్చే ఈ ఘట్టమే కత్తికి ప్రాణం. తెర మీద మాత్రం నిప్పురవ్వలు, నూనెలో ముంచగానే లేచే మంటలు కనబడినంతగా ఇది కనబడదు, ఎందుకంటే ఇందులో చూడటానికి ఏ ఆర్భాటమూ లేదు.

దాని ఫలితం నా దగ్గరికి సంచుల్లో వస్తుంది. ఒక అబ్బాయి జుమ్మేరాత్ బజార్‌లో లారీ కమాన్ పట్టీ ముక్క కొని, నెల రోజులు కష్టపడి చక్కటి అలుగు తీర్చి, చల్లటి నీళ్లలో ముంచాడు. అది వెన్ను దాకా చీలిపోయింది. క్రోమియం కలిసిన ఆ రకం ఉక్కును నూనెలో చల్లార్చాలని అతనికి చెప్పినవారు లేరు. ఇంకొకరు జింకు పూత ఉన్న గొట్టాన్ని కొలిమిలో కాల్చి, ఆ తెల్లటి పొగ పీల్చి, రాత్రంతా చలిజ్వరంతో వణికిపోయాడు. గురువు పక్కన ఉంటే మొదటి రోజునే తప్పిపోయే ప్రమాదాలు ఇవి. ఇలా ఒకటి రెండు సార్లు దెబ్బ తిన్న పిల్లలు ఆ పని మానేస్తున్నారు, ఆసక్తి లేక మాత్రం కాదు.

అమెరికాలో ఆ పోటీ వల్ల ఆసక్తి నిలబడిందంటే, దానికి కారణం ఆ పోటీ ఒక్కటే కాదని మీరు గమనించాలని నా మనవి. అక్కడ కూడా కొలిమిలో కొట్టి చేసే కత్తి కనుమరుగయ్యే దశకు వచ్చినప్పుడు, బిల్ మోరాన్ అనే కమ్మరి పొరలు పొరలుగా అతికిన డమాస్కస్ కత్తులను 1973లో ప్రదర్శించి అందరి దృష్టినీ మళ్లించాడు. 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ ఏర్పడింది. ఆ సంఘంలో పనివాడిగా గుర్తింపు కావాలంటే అభ్యర్థి చేసిన కత్తి వేలాడే అంగుళం మందపు తాడును ఒక్క వేటుకు తెంచాలి, దుంగను నరకాలి, ఆ తరువాత కూడా చేతి మీది వెంట్రుకలు గీయగలగాలి, చివరికి పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. ఆ సంఘం తన బడిని కూడా ఆర్కాన్సాలో నడిపింది. ఇవన్నీ అమరిన తరువాతే టీవీ పోటీ వచ్చింది. తిత్తి ఎంత ఊదినా కొలిమిలో బొగ్గు ఉంటేనే మంట లేస్తుంది, అక్కడ బొగ్గు ముందే పోసి ఉంది.

మన దగ్గరి అనుభవం కూడా ఇదే చెబుతుంది. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారు మొదలుపెట్టిన ‘పాడుతా తీయగా’ చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లలను సంగీతంలో చేర్చారు. చేర్చడానికి వీధి వీధినా ఒక సంగీతం టీచరు ఉన్నారు. పైగా ఆ వేదిక మీద గెలుపోటముల కన్నా, శ్రుతి ఎక్కడ తప్పిందో, మాట ఎక్కడ విరిగిందో ఓపికగా విప్పి చెప్పడమే ఎక్కువ ఉండేది. కత్తుల పోటీ చూసిన పిల్లవాడికి ఈ నగరంలో ఆ టీచరు లేడు.

ఈ లోటు ఇంకెక్కడైనా ఉంటే నేను ఇంతగా బాధపడేవాణ్ణి కాదు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలో కోనసముద్రం అనే ఊరుంది. లాంబ్టన్ అనే బ్రిటిష్ అధికారి భూసర్వే బృందంతో హైదరాబాద్ రాజ్యానికి వచ్చిన హెన్రీ వాయిసీ అనే వైద్యుడు ఆ ఊళ్లో మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, ఉక్కు కరిగించే తీరును కళ్లారా చూసి రాసిన వివరం 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆ ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వచ్చిన వర్తకుడు ఆయనకు అక్కడే తారసపడ్డాడు. ఊక కలిపిన మట్టితో చేసిన ఆ మూసల పెంకులు, ఇనుము కరిగించగా మిగిలిన చిట్టెపు దిబ్బలు ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఇప్పటికీ కనిపిస్తాయి. ప్రపంచం ‘వూట్జ్’ అని పిలిచే ఆ లోహం పేరు మన ‘ఉక్కు’ అన్న మాట నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. ఆ ఉక్కు కత్తుల మీది నీటి అలల్లాంటి చారలను 1990లలో తిరిగి సాధించి చూపినవారు అమెరికాకు చెందిన ఆల్ పెండ్రే అనే గుర్రపు నాడాల కమ్మరి, జాన్ వెర్‌హోవెన్ అనే లోహశాస్త్ర ఆచార్యుడు. వారి కృషికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ పని కమ్మర్‌పల్లి మనవడు ఒకడు కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్‌ఎల్ (రక్షణ రంగ లోహ పరిశోధనశాల) శాస్త్రవేత్త పక్కన నిలబడి చేసి ఉండవలసింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్లు కోసిన కత్తి ముందు నిలబడే పిల్లలకు, అలాంటి అలుగుకు ఉక్కు వండిన నేల ఇక్కడికి కొన్ని గంటల ప్రయాణంలోనే ఉందని చెప్పేవారు కూడా లేరు.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని నేను అనను. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కమ్మరి పని ఉంది, ఆయుధాలు చేసే పని కూడా ఉంది. శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, పూచీకత్తు లేని రుణం ఇస్తున్నారు. అయితే అది ఇప్పటికే వృత్తిలో ఉన్నవారి కోసం. గురుశిష్య పరంపరను బలపరచడం దాని లక్ష్యాల్లో ఒకటి, కానీ బయటి నుంచి కొత్తగా వచ్చే శిష్యుడికి అందులో దారి లేదు. ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని నేను ఒక శిక్షణ కేంద్రానికి వెళ్లి అడిగితే, వెల్డింగ్ కోర్సు ఉంది, కావాలంటే చేరండి అన్నారు. ఇంకొక కార్యాలయంలో, మీ కులవృత్తి మీరే నేర్పుకోవచ్చు కదా అన్నారు. ఆ రెండో మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. కులం గోడ దాటి ఒక విద్య కోసం పిల్లలు తమంతట తాము వస్తుంటే, ఆ గోడ దగ్గరే నిలబెట్టి వెనక్కు పంపడం ఏం న్యాయం?

అందువల్ల నేను కోరుతున్నది మొదట ఒకే ఒక్క కొలిమి. రాయదుర్గంలో 2023 మార్చిలో తెరిచిన, కొత్త వస్తువుల నమూనాలు తయారుచేసుకునే ప్రభుత్వ కేంద్రం టీ-వర్క్స్ ఉంది, బాలానగర్‌లో 1968 నుంచి సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. వీటిలో ఒకదాని ఆవరణలో గానీ, కొత్తగా వస్తున్న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీలో గానీ, నాలుగు కొలిములు, ఇనుమును పెట్టి కొట్టే నాలుగు దాగళ్లు, గాలి బాగా ఆడే ఒక షెడ్డు ఏర్పాటు చేయించండి. కొలువులు చేసుకునేవారు రావాలి కాబట్టి సాయంత్రాలు, ఆదివారాలు తెరిచి ఉంచండి. అక్కడ నేర్పడానికి పట్టాల కోసం చూడకుండా, జిల్లాల్లో ఇంకా సమ్మెట దించని పెద్ద కమ్మరులను నెల జీతం మీద పిలిపించండి, వారి పక్కన ఒక లోహశాస్త్ర బోధకుణ్ణి ఉంచండి. మోదుగపువ్వు రంగు చూసే కన్ను, డిగ్రీలు కొలిచే మీటరు ఒకే షెడ్డులో ఉన్నప్పుడు పిల్లలు నెలల్లో నేర్చుకునేది, విడివిడిగా ఏళ్లు పట్టినా రాదు.

చట్టం విషయం కూడా ఒక మాటలో తేల్చి చెప్పించండి. 2016 నాటి ఆయుధాల నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగులను ఆయుధాలుగా లెక్కిస్తూనే, ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పారిశ్రామిక అవసరాలకు చేసినవాటిని మినహాయించాయి. నేర్చుకునేవారికి, నేర్పేవారికి, పోలీసులకు అర్థమయ్యే తెలుగులో, ఉర్దూలో దీన్ని ఒక పేజీలో ముద్రిస్తే ఎవరికీ భయం ఉండదు.

పోటీ కూడా పెట్టండి, టీవీలో చూపించండి, కానీ అది మన పోటీ కావాలి. ఎముకలు నరికే ఖడ్గం మనకు అక్కరలేదు. గౌడన్నలు తాటిచెట్టు మీద గెల చెక్కే గీత కత్తి, వరి కోసే కక్కు కొడవలి, వంటింటి కత్తిపీట చేయించండి. గీత కత్తికి తీర్పు చెప్పేది దాన్ని నడుముకు కట్టుకుని చెట్టెక్కే మనిషి కావాలి, కొడవలికి తీర్పు చెప్పేది మడిలో ఒక పూటంతా కోసి చూసిన ఆడకూలీ కావాలి. పదను పెట్టే ఘట్టాన్ని కత్తిరించకుండా, రంగు మారే ఆ కొన్ని నిమిషాలూ కమ్మరి నోటితోనే చెప్పిస్తూ చూపించండి. ఓడినవారికి కూడా ఆ షెడ్డులో ఆరు నెలల శిక్షణ ఇస్తామని ప్రకటించండి, ఆ కార్యక్రమం చూసిన పిల్లవాడు మరునాడు ఎక్కడికి వెళ్లాలో చివరన చిరునామాతో సహా చూపించండి.

మా నాన్న దాగలి ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని ఆ షెడ్డుకు ఇస్తాను. వారానికి మూడు సాయంత్రాలు వచ్చి హీట్ ట్రీట్‌మెంట్ పాఠం చెబుతాను, నాకు జీతం వద్దు, ఊళ్ల నుంచి వచ్చే కమ్మరులకు మాత్రం తప్పకుండా ఇవ్వండి. ఈ విషయమై మీ అధికారులు ఎప్పుడు పిలిచినా, ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చిన పిల్లలను వెంటబెట్టుకొని హాజరవుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత హీట్ ట్రీట్‌మెంట్ కార్మికుడు,
మూసాపేట, హైదరాబాద్.