వార్షిక నివేదిక: మెట్ట వరికి భాస్వరం

సభ్యులందరికీ నమస్కారం.

"ఏటా బస్తాలకు బస్తాలు భాస్వరం వేస్తున్నాం, అయినా పైరు పిలకలు వేయదేం?" పోయిన సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఇదే. అందుకని ఈ ఏడాది మిగతా పనులు తగ్గించుకుని దీని మీదే కూర్చున్నాం.

ముందు మట్టి పరీక్షలు చేయించాం. మట్టిలో పైరుకు అందే భాస్వరం ఎంతో కొలవడానికి మొదటి విడత నమూనాలకు ఓల్సన్ పద్ధతి వాడారు. అది ప్రధానంగా తటస్థ, క్షార నేలల కోసం వచ్చిన పద్ధతి. మనవి ఆమ్ల నేలలు కాబట్టి, వాటికి సరిపోయే బ్రే పద్ధతిలో మళ్లీ చేయించాల్సి వచ్చింది. ఖర్చు రెండింతలైంది. ముందే అడగకపోవడం కార్యవర్గం పొరపాటే.

వేల ఏళ్ల వానలకు మన ఎర్ర నేలల్లోని కాల్షియం, మెగ్నీషియం లాంటివి కొట్టుకుపోయి ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. వేసిన భాస్వరాన్ని అవి గట్టిగా పట్టేసుకుంటాయి. నీళ్లు నిలిచే మాగాణిలో ఇనుము రూపం మారి కొంత భాస్వరం విడుదలవుతుంది. మెట్టలో ఆ వెసులుబాటు లేదు. మాగాణి మోతాదులు మనకు అచ్చిరాకపోవడానికి ఇదొక కారణం.

ప్రదర్శన క్షేత్రంలో ఒకే మోతాదును ఒక మడిలో వెదజల్లాం, ఇంకో మడిలో చాళ్లలో వేశాం. ఎరువు ఎంత మట్టికి తగిలితే అంత చిక్కుకుపోతుంది కాబట్టి చాళ్లలో వేసిన మడిలో పైరు ముందే తేరుకుంది. డీఏపీ (డై అమ్మోనియం ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు) మాత్రం విత్తనానికి ఆనుకుని పడకూడదు, అమ్మోనియాకు మొలక దెబ్బతింటుంది. కాస్త పక్కగా, కిందుగా పడాలి.

పోల్చి చూడటానికి ఎరువు వేయకుండా వదిలిన మూడో మడిలో మొక్కలు గిడసబారి ముదురాకుపచ్చగా నిలబడిపోయాయి. పాపం చూడలేక మన సభ్యుడొకరు రెండు గుప్పెళ్లు డీఏపీ చల్లారు! మంచి మనసే గానీ, ఆ మడి లెక్క గల్లంతైంది.

బస్తా మీది అంకెల గురించి ఒక పూట వాదన నడిచింది. డీఏపీ మీద 46 శాతం అని ఉండేది పీ2ఓ5 (భాస్వరం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్) లెక్క. అసలు భాస్వరం కావాలంటే దాన్ని 0.44తో గుణించాలి. అంటే 50 కిలోల బస్తాలో ఉండేది సుమారు 10 కిలోలే. సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎరువులో ఇంకా తక్కువ, కానీ దాంతో గంధకం, కాల్షియం కూడా వస్తాయి.

రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే రాతి పొడి) ఆమ్ల నేలలోనే మెల్లగా కరుగుతుంది. సున్నం కూడా అప్పుడే వేస్తే నేలలో ఆమ్లత్వం తగ్గి ఆ కరగడం మందగిస్తుంది. ఇద్దరు సభ్యులు ఈసారి రెండూ కలిపే వేశారు, ఇకపై అలా వద్దు.

మట్టి పట్టేసుకున్నదంతా వృథా కాదు, కొంత తర్వాతి పంటలకు అందుతుంది. అది ఎంతో చూడటానికి వచ్చే సీజన్‌లో చాళ్ల మడికి భాస్వరం వేయకుండా వరి విత్తుతాం. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఎరువు వేయని మడి చుట్టూ కంచె వేయడానికి అయ్యే ఖర్చు కూడా అందులో చూపించాం.

– కార్యదర్శి