ప్రధానోపాధ్యాయురాలి లేఖ: శనివారం సంగీత తరగతి గురించి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

రెండు నెలలుగా ప్రతి శనివారం చివరి పీరియడులో మన ఆరవ తరగతి పిల్లలకు సంగీతం నేర్పుతున్న అమ్మాయి ఎవరని మీలో చాలామంది అడుగుతున్నారు. ఆమె ఇదే బడిలో పదో తరగతి వరకు చదివి, ఇప్పుడు నగరంలోని ఒక కళాశాలలో కర్ణాటక గాత్రం అభ్యసిస్తున్న మన పూర్వ విద్యార్థిని.

ఇక్కడ చదివే రోజుల్లో పాటల పోటీ ఎక్కడ జరిగినా ఆమెనే పంపేవాళ్ళం. బృందగానంలో ఆమె గొంతు ఒక్కటే పైకి వినిపిస్తోందని సంగీతం టీచరుగారు చెబితే, నేను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకున్నాను. పదిమందితో కలిసి పాడడం ఆమెకు నేర్పకపోవడం మా లోపమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

కళాశాలలో ఆమె జాతీయ సేవా పథకంలో చేరింది. గాంధీజీ శతజయంతి సందర్భంగా 1969లో మొదలైన ఈ పథకంలో వాలంటీరు రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. మొదటిసారి వృద్ధాశ్రమానికి వెళ్ళినప్పుడు, ఎంతో సాధన చేసి, రాగాలాపనతో ఒక పెద్ద కృతి పాడిందట. అందరూ మర్యాదగా విన్నారు. తర్వాత ఒక పెద్దావిడ రామదాసు కీర్తన అడిగారు. ఈమె పల్లవి ఎత్తుకోగానే గదిలో సగం మంది గొంతు కలిపారు. గోల్కొండ కోటలో బందీగా ఉండి రాముణ్ణి వేడుకున్న కవి పాటలు ఈ ఊరి పెద్దలకు నోటికి రావడంలో వింత లేదు. కానీ ఈమె పాడే ఐదున్నర శ్రుతి, అంటే అంత ఎత్తు స్థాయి, వాళ్ళకు అందలేదు. రెండో చరణానికల్లా, తనకు ఇబ్బందిగా ఉన్నా, శ్రుతి బాగా కిందికి దించుకుని పాడానని నాతో చెప్పింది.

ఈ ఏడాది విద్యార్థి ప్రతినిధిగా, త్యాగరాజ ఆరాధనకు ఆయన పంచరత్న కృతుల గోష్ఠిగానం, అంటే అందరూ కలిసి పాడడం, సిద్ధం చేసే బాధ్యత కూడా ఆమెకే వచ్చింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాలలోని ఆ ఐదు కృతులూ అక్కడి విద్యార్థులందరికీ వచ్చు. అయితే వేర్వేరు గురువుల దగ్గర నేర్చుకున్నందువల్ల ఎవరి పాఠాంతరం, అంటే నేర్చుకున్న పాట తీరు, వారిది. అందరినీ కూర్చోబెట్టి, ఒక్కొక్క సంగతీ (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) పాడించి, ఎక్కువమందికి తెలిసిన దాన్నే ఖాయం చేసి, ఆ క్రమంలో తనకు ప్రాణమైన కొన్ని సంగతులను తానే వదులుకుంది. నా దృష్టిలో ఆమె గెలిచిన ఏ బహుమతి కన్నా ఇది పెద్దది.

పోయిన శనివారం తరగతి గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాను. శ్రుతి పెట్టె మధ్యలో ఉంది. తాళం తప్పుతున్న ఒక బాబు పక్కకు వెళ్ళి కింద కూర్చుని, వాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఒక దెబ్బ, మూడు వేళ్ళు, ఆపైన దెబ్బ, ఉసి (చెయ్యి తిప్పి వేయడం), మళ్ళీ దెబ్బ, ఉసి అని ఆది తాళం ఎనిమిది అక్షరాలూ మెల్లగా వేయించింది. వాడు సరిగ్గా వేసేదాకా మిగతా పిల్లలు అదే సరళీ వరుసను (తొలి స్వరాల పాఠాన్ని) విసుక్కోకుండా నాలుగుసార్లు పాడారు.

వచ్చే నెల నుంచి ఏడవ తరగతి పిల్లలను కూడా చేర్చుకుంటున్నాము. మా పిల్లకు గొంతు లేదు, మా వాడికి పాట రాదు అని దయచేసి వెనక్కి తీయకండి. ఎంపిక పరీక్ష ఏదీ లేదు. శనివారం ట్యూషన్ ఉన్నవారు ఆ ఒక్క గంట సర్దుబాటు చేసుకుని, మీ సమ్మతిని డైరీలో రాసి, సంతకంతో శుక్రవారంలోగా క్లాస్ టీచరుకు పంపించగలరు.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు