సత్తి చెప్పిన సంగతి

చిరంజీవి బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. వానలకి మహేంద్రతనయలో నీళ్లొచ్చాయి. పెరట్లో మునగకొమ్మ విరిగి పడితే మీ అమ్మ దానికీ నన్నే తిట్టింది. నీ ఫోన్ వచ్చి 11 రోజులైంది. నేనేం లెక్కపెట్టలేదు, క్యాలెండర్ గోడకే వేలాడుతోంది కదా.

నిన్న సత్తి బరంపురం నుంచి వచ్చాడు. టీ తాగుతూ, "బుజ్జి రోజూ గ్రౌండ్‌కి వెళ్తోంది మావయ్యా, కాస్త కుంటుతోంది గానీ" అన్నాడు. మీ అమ్మ వంటింట్లో ఉంది, వినలేదు. బొబ్బ ఎక్కడమ్మా, మడమ వెనకా, అరికాల్లోనా?

సరే, అది వదిలేద్దాం. చిన్నాన్న ఇంటికి సున్నం వేయిస్తున్నాడు. సున్నమంటే పెద్దమావయ్య గుర్తొచ్చాడు. మా ఇద్దరికీ పెళ్లి కాని రోజుల్లో, శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కాం. వాడు కొత్త కాన్వాస్ బూట్లు వేసుకున్నాడు, సాక్సు లేకుండా. వద్దురా అంటే వినలేదు. కుంతి గుడి దగ్గరకొచ్చేసరికి మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ, నీళ్లతో నిండి ద్రాక్షపండులా మెరుస్తోంది. తుమ్మముల్లుతో పొడిచేశాడు. నీళ్లు కారి హాయిగా ఉందన్నాడు. అక్కడితో ఆగాడా, పైతోలు కూడా పీకి పారేశాడు. లోపల పచ్చిమాంసం. ఎవరో ముసలాయన చెప్పాడని దాని మీద సున్నం, పొగాకు కలిపి రాశాడు. వాడి కేక కొండ కింద దాకా వినపడి ఉంటుంది. మూడో రోజుకి చీము, జ్వరం, మడమ నుంచి పిక్క మీదకి ఎర్రటి గీత. ఆసుపత్రిలో డాక్టర్ తిట్లు వాడికంటే నాకే ఎక్కువ పడ్డాయి. మీ అమ్మని నేను మొదటిసారి చూసింది ఆ వరండాలోనే, అన్నకి క్యారియర్ పట్టుకొచ్చింది. అది వేరే కథ.

నేను చెప్పేదేంటంటే, ఆ పైతోలే దానికి కట్టు. కింద కొత్త చర్మం వచ్చేదాకా దాన్ని ఉండనివ్వాలి. సబ్బు నీళ్లతో మెల్లగా కడిగి, కాస్త వాసెలిన్ రాసి, గాజుగుడ్డ వదులుగా కట్టు. తడిస్తే మార్చు. అడుగే వెయ్యలేనంత పెద్దదైతే, ఊరికే సేఫ్టీ పిన్ను పెట్టి పొడవకు. స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో అంచున చిన్నగా గుచ్చి నీళ్లు పోనివ్వు, తోలు మాత్రం లాగకు. టూత్‌పేస్టు, పసుపు ఏవీ వద్దు. చీము పట్టినా, వేడిగా ఎర్రబడినా డాక్టర్ దగ్గరకే. మీ అమ్మలా షుగర్ ఉన్నవాళ్లయితే చిన్న పొక్కుకి కూడా ఇంటి వైద్యం చేసుకోకూడదు. నాలుగు రోజులు పరుగు మానితే సెలక్షన్ ఏమీ పోదు.

లెక్చర్ ఇవ్వకూడదనుకున్నాను, ఇచ్చేశాను. ఇంకొక్కటి. సాక్సు తడిస్తే వెంటనే మార్చుకో, సంచిలో రెండో జత పెట్టుకో. కొత్త బూట్లతో మొదటి రోజే పరుగెత్తకు, ముందు నాలుగు రోజులు గదిలో వేసుకుని తిరుగు. సాయంత్రం పూట కొనుక్కో, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత చోటు ఉండాలి.

ఆ బూట్లు నీ రూమ్మేట్‌వట కదా. అదీ సత్తే చెప్పాడు. ఒక సైజు తక్కువట. నన్ను అడగలేదేం? చిట్టీ పాడాను, సత్తి చేతికి 2000 ఇస్తున్నాను. బూట్లకే వాడు, ఫీజు సంగతి నేను చూసుకుంటా.

అమ్మకి తెలియకుండా రాత్రి 9 దాటాక ఫోన్ చెయ్యమని రాద్దామనుకున్నాను. ఇప్పుడే సత్తికిచ్చే సంచి విప్పి చూశాను. ఉసిరికాయ పచ్చడి సీసా పక్కన దూది, గాజుగుడ్డ, రెండు జతల సాక్సు ఉన్నాయి. నేను పెట్టలేదు.

ఎప్పుడైనా చెయ్యి.

నాన్న