మా పెళ్లి ఫొటోల్లో కోనసీమ ఎక్కడ?

ముక్తేశ్వరం,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

మేనేజరు గారికి,
రాజమహేంద్రవరం శాఖ.

విషయం: ఒప్పందంలో రాసుకున్న పెళ్లి ఫొటోలు తీయకపోవడం, తీసినవాటి రంగులు మార్చేయడం, మా అనుమతి లేకుండా ఒక ఫొటోను ప్రకటనకు వాడుకోవడం గురించి.

అయ్యా,

మాఘమాసంలో జరిగిన మా అమ్మాయి పెళ్లికి ఫొటోలు, వీడియో తీసే పని మీ సంస్థకు అప్పగించాము. 1,80,000 రూపాయలకు మాట్లాడుకుని, ఆల్బమ్ చేతికి రాకముందే మొత్తం చెల్లించాము. ఇప్పుడు ఆల్బమ్ వచ్చింది. మందపాటి అట్ట, బంగారు అక్షరాలు, మెరిసే కాగితం అన్నీ ఉన్నాయి. మా ఇంట జరిగిన పెళ్లి మాత్రం అందులో కనిపించడం లేదు.

కొత్త ఆలోచనలతో ఫొటోలు తీస్తామని మీరు చెప్పుకున్నారు కాబట్టే మీ దగ్గరికి వచ్చాము. పూల ఊయల, రంగు పొగ, అద్దెకు దొరికే పాత కారు, వీటిని ప్రతి ఆల్బమ్‌లోనూ చూస్తూనే ఉన్నాము. అవి వద్దనుకునే మా అమ్మాయి, కాబోయే అల్లుడు కూర్చుని తమకు కావలసిన ఫొటోల గురించి వివరంగా రాసి మీ ప్రతినిధికి ఇచ్చారు. ఆయన చదివి, చాలా బాగున్నాయని మెచ్చుకుని, ఆ కాగితాన్ని ఒప్పందానికి జతచేసి సంతకం పెట్టారు. దాని నకలు ఈ లేఖతో పంపుతున్నాను. దయచేసి దాన్ని ఆల్బమ్ పక్కన పెట్టుకుని చూడండి.

మొదట పంటు, అంటే జనాన్నీ బండ్లనూ నది దాటించే పెద్ద పడవ సంగతి. మాది ముక్తేశ్వరం వైపు, అల్లుడి వాళ్లది కోటిపల్లి వైపు. మధ్యలో గోదావరి పాయ గౌతమి. పెళ్లిచూపులకు వాళ్లు వచ్చింది పంటు మీదే, లగ్నపత్రిక వెళ్లింది కూడా పంటు మీదే. ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలిన చోట పుట్టి పెరిగిన పిల్లలు కాబట్టి తమ మొదటి ఫొటో ఆ నది మీదే ఉండాలనుకున్నారు. ప్రయాణికులు, మోటారు సైకిళ్లు, పాల క్యాన్లు ఎలా ఉంటే అలాగే ఉండాలి, ఎవరినీ పక్కకు జరపకూడదు, వాళ్లిద్దరూ ఆ జనంలో ఒకరై నిలబడాలి అన్నది వాళ్ల ఆలోచన. మాఘమాసపు పొద్దున నది మీద మంచు ఉంటుంది. ఆ మంచులోంచి వచ్చే ఎండ మెత్తగా ఉంటుంది, ముఖాల మీద ముదురు నీడలు పడవు. అందుకే సూర్యోదయానికి రేవులో ఉండాలని కాగితంలో రాశారు.

మీ బృందం వచ్చేసరికి పదకొండు దాటింది. ఎండ నడినెత్తిన పడుతోంది, కళ్ల కింద నీడలు. జనం అడ్డుగా ఉన్నారనీ, వెనక దృశ్యం బాగాలేదనీ చెప్పి, పిల్లలిద్దరినీ కారులో ఎక్కించుకుని ఫొటోల కోసం అద్దెకిచ్చే ఒక తోటకు తీసుకెళ్లారు. అక్కడ తీసిన ఫొటోకు వెనక నీళ్లు అతికించారు. ఆల్బమ్‌లో ఆ పేజీ తెరిస్తే వాళ్ల వెనక ఒక హౌస్‌బోటు, దాని పక్కన పైకి లేచి ఉన్న చీనా వలలు కనిపిస్తాయి. ఆ వలలు కొచ్చి తీరంలో ప్రసిద్ధి. మా రేవులో అలాంటి వల ఒక్కటీ లేదు. ఎదురుగా గౌతమి పారుతుంటే వేరే రాష్ట్రపు నీళ్లు తెచ్చి అతికించవలసిన అవసరం ఏమొచ్చింది? ఆ పేజీ చూసిన మా వియ్యపురాలు "పిల్లలు కేరళ ఎప్పుడు వెళ్లారు?" అని అడిగారు. నాకు ఏం చెప్పాలో తోచలేదు.

దీనికంటే పెద్ద నష్టం ముహూర్తం దగ్గర జరిగింది. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మా పెళ్లిళ్లలో వధూవరుల మధ్య తెర పడతారు. జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు ఉంచాక తెర తీస్తారు, అప్పుడే ఒకరినొకరు చూసుకుంటారు. మా అమ్మాయి దీని కోసం ఒక చక్కటి ఆలోచన చేసింది. ఒక ఫొటోగ్రాఫరు తెరకు ఇటు, మరొకరు అటు ఉండి ఒకే క్షణంలో ఇద్దరినీ తీయాలి. ఆల్బమ్‌లో ఎడమ పేజీలో ఆమె, కుడి పేజీలో అతను ఎదురెదురుగా ఉండాలి. నడుమనున్న మడతే తెర. తర్వాతి రెండు పేజీల నిండా తెర తీసిన క్షణం ఒకే ఫొటోగా రావాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇద్దరు మనుషులు సమయానికి తమ తమ చోట్ల నిలబడితే చాలు. నిజమైన కొత్తదనం ఇలాంటిదేనని నేను నమ్ముతాను.

ఆ సమయానికి మండపం దగ్గర మీవాళ్లు ఒక్కరే ఉన్నారు. రెండో ఆయన బయట డ్రోన్ ఎగరేస్తున్నారు. మండపంలో ఉన్నాయన లైటు స్టాండు సరిచేసుకుంటున్నారు. పురోహితులు గారు ముందే హెచ్చరించారు, మంగళవాయిద్యం జోరందుకుంది, తెర తీశారు. మీ కెమెరా పైకి లేవలేదు. ఆ తర్వాత ఆయన వచ్చి "జీలకర్ర బెల్లం మళ్లీ ఒకసారి పెట్టండి, తెర కూడా మళ్లీ పట్టండి" అన్నారు. పురోహితులు గారు మారు మాట్లాడకుండా ఆయన వంక చూశారు. మా అమ్మాయి తల దించుకుంది. సుముహూర్తం ఫొటో కోసం రెండోసారి వస్తుందా? ఈ పని చేసే సంస్థకు ఆ మాట అడగకూడదని తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది. ఆ పేజీల్లో ఇప్పుడు డ్రోన్ తీసిన పందిరి పైకప్పు ఉంది.

రంగుల విషయానికి వస్తాను. తీసిన ఫొటోలన్నిటికీ మీరు ఒకే ఫిల్టర్ వేశారు. పచ్చరంగును చంపేసి అన్నిటినీ గోధుమ రంగులోకి దించే ఫిల్టర్ అది. కోనసీమలో పచ్చదనం తీసేస్తే ఇంకేం మిగులుతుంది? పందిరికి కట్టిన కొబ్బరాకులు బూడిద రంగులో ఎండిపోయినట్టు ఉన్నాయి. గౌరీపూజకు కట్టుకోవాలని బండారులంకలో మగ్గం మీద నేయించుకున్న చిలకాకుపచ్చ చీర బురద రంగుకు తిరిగింది. ఎర్రంచు తెల్లని మధుపర్కాలు పాతబడ్డ కాగితంలా ఉన్నాయి.

ముఖాలను కూడా వదల్లేదు. మా అమ్మాయిది చామనచాయ. ఆల్బమ్‌లో తెల్లగా, సున్నం పూసినట్టు ఉంది. మంగళస్నానం తర్వాత చెంపల మీద నిలిచిన పసుపు ఛాయను కడిగేశారు. దిష్టి తగలకూడదని పెట్టిన బుగ్గచుక్కను మచ్చ అనుకుని చెరిపేశారు! ఒక ఫొటోలో ఉంది, పక్క ఫొటోలో లేదు. మనిషి కూర్చుని చూసి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు. ఆమెను అడగకుండా ఆమె ఒంటిరంగు మార్చే అధికారం మీకు ఎవరిచ్చారు? తన రంగులో తాను అందంగా ఉన్నానని నమ్మే పిల్ల, తన పెళ్లి ఆల్బమ్ చూసుకుని మౌనంగా మూసేసింది.

తలంబ్రాల ఫొటోల గురించి ఎక్కువ చెప్పను. గాలిలో ఉన్న గింజలు విడివిడిగా కనబడాలంటే షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతు దాకా ఉండాలని ఫొటోలు తీసే మా తమ్ముడు మీవాళ్లకు అక్కడే చెప్పాడు. వినిపించుకోలేదు. ప్రతి ఫొటోలోనూ తెల్లటి గీతలే ఉన్నాయి.

మీ దగ్గర మంచి చూపున్న మనిషి లేరని నేను అనడం లేదు. ఎంపిక కోసం మీరు పంపిన ఫొటోల్లో అప్పగింతలప్పుడు తీసినది ఒకటి ఉంది. లైట్లు మోసే కుర్రవాడు తీశాడని తర్వాత తెలిసింది. పాలలో ముంచిన మా అమ్మాయి చేతులు వాళ్ల అత్తగారి అరచేతుల్లో ఉన్నాయి. వేళ్ల సందుల నుంచి జారిన పాలచుక్క ఒకటి గోరింటాకు మీదుగా వచ్చి కొసన ఆగింది. వెనక, కాస్త మసకగా, మా ఆయన చెయ్యి భుజం మీది కండువాను పిడికిట పట్టుకుని ఉంది. ఎవరి ముఖమూ లేదు. అయినా ఆ చేతుల్లో ఏది ఎవరిదో మా ఇంట్లో చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. మేము దాన్ని ఎంచుకున్నాము. ముఖాలు లేవన్న కారణంతో మీ డిజైనరు దాన్ని తీసేసి, బెలూన్ల మధ్య నిలబెట్టి తీసిన ఫొటో పెట్టారు. ఆ కుర్రవాడికి కెమెరా ఇచ్చి పని నేర్పించమని ఒక తల్లిగా కోరుతున్నాను.

ఇక చీనా వలలు అతికించిన ఆ ఫొటోనే మీరు మీ ప్రకటనలో పెట్టుకున్నారు. మమ్మల్ని అడగలేదు. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, డబ్బు చెల్లించి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. మన ఒప్పందంలో ఆ హక్కు మీకు ఇస్తున్నట్టు ఒక్క వాక్యమూ లేదు. ప్రకటన నుంచి ఆ ఫొటోను వెంటనే తొలగించండి.

మాకు కావలసినవి ఇవి. మీవాళ్లందరూ తీసిన అసలు ఫైళ్లు, ఫిల్టర్ వేయనివి, ఒక్కటీ చెరపకుండా ఇవ్వాలి. వాటితో, మా అమ్మాయి రంగు ఆమెకు ఉంచి, ఆల్బమ్ మళ్లీ ముద్రించి ఇవ్వాలి. పేజీల అమరిక మాకు చూపించి, మేము సరే అన్నాకే ముద్రణకు పంపాలి. పాలచేతుల ఫొటో రెండు పేజీల నిండా ఉండాలి. పంటు మీద తీయని ఫొటోలకు ముందుగా తీసుకున్న 45,000 రూపాయలు తిరిగి ఇవ్వాలి. తెర దగ్గరి ఫొటోకు ఇంత అని వెల కట్టలేను. దాని గురించి మీ సంస్థ పెద్దలు మా ఇంటికి వచ్చి మా అమ్మాయితో, పురోహితులు గారితో మాట్లాడాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మేము నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి రుసుము కూడా ఉండదు. ఒప్పందం, చెల్లింపు రసీదులు, ఆల్బమ్ పేజీల నకళ్లు, మీ ప్రకటన నకలు జతచేశాను.

ఇట్లు,
వధువు తల్లి