మాన్యువల్ ఎవరూ కొనట్లేదా, కొననివ్వట్లేదా?

సంపాదకుడి గారికి,

మీ పత్రికలో కార్ల గురించి మొన్న వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. చాలా సంగతులు బాగా చెప్పారు, కానీ ఒక్క వాక్యం దగ్గర మాత్రం నాకు మనసొప్పలేదు. స్పోర్టీ లగ్జరీ సెడాన్లలో మాన్యువల్ గేర్లు కనిపించకుండా పోవడానికి కారణం "కొనేవాళ్లు లేకపోవడమే" అని రాసి అక్కడితో వదిలేశారు. కంపెనీలను ఎప్పుడు అడిగినా చెప్పే మాటా అదే. అది అబద్ధమని నేను అనను. అమెరికాలో 1980లో కొత్త బండ్లలో మూడింట ఒక వంతు దాకా మాన్యువల్‌తో వచ్చేవి, ఇప్పుడు వందకు ఒకటో రెండో. కానీ అది సగం సంగతే. మిగతా సగం చెప్పకపోతే తప్పంతా కొనేవాళ్ల మీద పడుతుంది, అందుకే ఈ లేఖ.

ముందు కంపెనీల వైపు ఉన్న న్యాయం చెప్తాను. ఒకప్పుడు ఆటోమేటిక్ అంటే మూడో నాలుగో గేర్లు, మందకొడిగా కదిలే బండి, తక్కువ మైలేజీ. మాన్యువల్ తీసుకున్నవాళ్లకి పికప్పూ దక్కేది, పెట్రోలూ మిగిలేది. ఆ రెండు లాభాలూ ఇప్పుడు పోయాయి. 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32లో రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వచ్చింది. అందులో బండి ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతి గేరు సిద్ధంగా ఉంటుంది కాబట్టి మారేటప్పుడు ఇంజిన్ లాగడం ఆగదు. 2009లో జెడ్‌ఎఫ్ కంపెనీ చేసిన 8 గేర్ల ఆటోమేటిక్ బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో మొదలై, తర్వాత ఆడి, జాగ్వార్, ఆల్ఫా రోమియో బండ్లలోకీ వెళ్లింది. ఎంత అలవాటున్న చెయ్యైనా, ఎంత చురుకైన కాలైనా వీటంత త్వరగా గేరు మార్చలేదు. మాన్యువల్‌ని ఇష్టపడే నాలాంటివాళ్లం కూడా ఇది ఒప్పుకోవాల్సిందే.

కాలుష్య నిబంధనలు ఇంకో పెద్ద కారణం, బహుశా అన్నిటికంటే పెద్దది. యూరప్‌లో కొత్త కార్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ కిలోమీటరుకు 95 గ్రాములకు తేవాలని 2020 నుంచి లక్ష్యం పెట్టారు. ఒక్కో కంపెనీకి దాని బండ్ల బరువుని బట్టి ఆ హద్దు కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ హద్దు దాటిన ప్రతి గ్రాముకీ 95 యూరోల చొప్పున, అమ్మిన ప్రతి కారు మీదా జరిమానా. లక్షల బండ్లు అమ్మే కంపెనీకి ఒక గ్రాము అంటే ఎంత డబ్బో వేరే చెప్పక్కర్లేదు. 8 గేర్లున్న ఆటోమేటిక్ ఇంజిన్‌ని వీలైనంత నెమ్మదిగా తిప్పుతూ పొగ తగ్గిస్తుంది. ఇది చాలదన్నట్టు ఒకే ఇంజిన్‌కి రెండు రకాల గేర్‌బాక్స్‌లు పెడితే రెండిటికీ విడిగా ట్యూనింగ్ చేయాలి, విడిగా పరీక్షలు చేయించాలి, అనుమతులు తెచ్చుకోవాలి. ఏడాదికి కొన్ని వందల బండ్లే అమ్ముడయ్యే చోట ఆ ఖర్చు ఒక్కో బండి మీద ఎంత పడుతుందో ఊహించుకోవచ్చు.

ఇక లగ్జరీ సంగతి. ఈ రకం సెడాన్ కొనేవాళ్లలో చాలామంది ట్రాఫిక్‌లో ముందు బండి ఆగితే తనే ఆగి, కదిలితే తనే కదిలే క్రూయిజ్ కంట్రోల్ కావాలంటారు, తనంతట తనే పార్క్ చేసుకునే బండి కావాలంటారు. ఎడమ కాలు క్లచ్ తొక్కాల్సిన బండిలో ఇవి పూర్తిగా కుదరవు. పైగా యూరప్‌లో ఆటోమేటిక్‌లో టెస్ట్ పాసైనవాళ్ల లైసెన్స్ సాధారణంగా ఆటోమేటిక్‌కే పరిమితం, ఇంట్లో ఒకరికి అలాంటి లైసెన్స్ ఉంటే మాన్యువల్ కొనాలన్న ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

ఇంతవరకూ కంపెనీల మాట నేనూ ఒప్పుకుంటాను. మాన్యువల్‌ని అమ్మకానికి పెట్టే తీరు దగ్గరే నాకు పేచీ.

హ్యుందాయ్ వాళ్ల లగ్జరీ బ్రాండ్ జెనెసిస్ చేసిన జీ70 సెడాన్ సంగతే చూడండి. 2019 మోడల్‌గా అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు అందులో 6 గేర్ల మాన్యువల్ ఉందని విని ఎంతమంది సంబరపడ్డారో. తీరా చూస్తే అది నాలుగు సిలిండర్ల 2 లీటర్ల ఇంజిన్‌తో మాత్రమే. గట్టిగా లాగే ఆరు సిలిండర్ల 3.3 లీటర్ల వీ6 ఇంజిన్ కావాలంటే ఆటోమేటిక్ ఒక్కటే దారి. స్పోర్టీ బండి కోరుకునేవాడికి అసలైన ఇంజిన్ ఇవ్వకుండా, చిన్న ఇంజిన్‌కి క్లచ్ తగిలించి, 2022 మోడల్ వచ్చేసరికి ఆ కాస్తా తీసేశారు. ఆల్ఫా రోమియో జూలియా సెడాన్‌లో అన్నిటికంటే శక్తిమంతమైన రకం క్వాడ్రిఫోలియోకి యూరప్‌లో కొంతకాలం మాన్యువల్ ఉండేది, అమెరికా కొనుగోలుదారులకి మాత్రం దాన్ని ఒక్కసారి కూడా ఇవ్వలేదు. అమ్మకానికే పెట్టని దాన్ని ఎవరు కొంటారు?

2020లో చూపించిన బీఎండబ్ల్యూ ఎం3 ఇంకా స్పష్టంగా చెప్తుంది. మాన్యువల్ తీసుకుంటే 480 హార్స్‌పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం. ఆటోమేటిక్‌తో వచ్చే కాంపిటిషన్ అనే రకం తీసుకుంటే 510 హార్స్‌పవర్, 650 న్యూటన్ మీటర్లు. నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లేది కావాలన్నా ఆటోమేటిక్కే. సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి మాన్యువల్ 4.2 సెకన్లు, కాంపిటిషన్ 3.9, నాలుగు చక్రాలదైతే 3.5 అని కంపెనీ లెక్క. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి "చూశారా, మాన్యువల్ ఎంత వెనకబడిందో" అంటారు. తక్కువ పవర్ ఇచ్చిన బండి వెనకబడక ఏం చేస్తుంది? అయినా ఎం3లో మాన్యువల్ ఉంచినందుకు బీఎండబ్ల్యూని మెచ్చుకోవాలి, ఆ మాత్రం కూడా చేయనివాళ్లే ఎక్కువ. ఆడి అయితే ఎ4లో మాన్యువల్‌ని 2019 మోడల్ నుంచి అమెరికాలో పూర్తిగా తీసేసింది.

అంత టార్క్‌ని మాన్యువల్ గేర్‌బాక్స్ తట్టుకోలేదు అనే మాట కూడా తరచూ వింటుంటాం. క్యాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ దగ్గర దీనికి సమాధానం ఉంది. 2022 మోడల్‌గా వచ్చిన ఆ సెడాన్‌లో 6.2 లీటర్ల సూపర్‌ఛార్జ్డ్ వీ8 ఇంజిన్, 668 హార్స్‌పవర్, దాదాపు 890 న్యూటన్ మీటర్ల టార్క్, దానికి గేర్‌బాక్స్‌లు చేసే ట్రెమెక్ కంపెనీ వారి 6 గేర్ల మాన్యువల్. అదీ ఎక్కువ డబ్బు కట్టి తీసుకునే ఆప్షన్ కాదు, మొదట ఇచ్చేదే మాన్యువల్, ఆటోమేటిక్ కావాలంటే అదనంగా కట్టాలి. గట్టి గేర్‌బాక్స్ బరువుంటుంది, ఖరీదూ ఉంటుంది, నిజమే, కానీ అసాధ్యమైతే కాదని అది చూపించింది. గేర్లు కరకరలాడకుండా మార్చుకోవడానికి వీలు కల్పించిన సింక్రోమెష్‌ని 1928లో మొదట కార్లలో పెట్టింది కూడా క్యాడిలాకే, ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు నాకు సంతోషంగా ఉంటుంది.

గట్టిగా అడిగితే దిగొచ్చిన సందర్భాలూ ఉన్నాయి. వీ10 ఇంజిన్‌తో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5ని మొదట క్లచ్ పెడల్ లేని ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్‌తోనే అమ్మారు, ఉత్తర అమెరికాలో అభిమానులు పట్టుబడితే అక్కడికి మాత్రం మాన్యువల్ ఇచ్చారు. సెడాన్ కాకపోయినా పోర్షె 911 జీటీ3 గురించి కూడా చెప్పాలి. 2013లో దాన్ని పీడీకే ఆటోమేటిక్‌తోనే తెచ్చారు, చాలామంది అసంతృప్తి చెందారు. 2016లో 911 ఆర్ అని మాన్యువల్‌తో మాత్రమే 991 బండ్లు చేస్తే వాటికి సెకండ్ హ్యాండ్‌లో కొత్త ధరను మించిన ధరలు పలికాయి. 2017లో జీటీ3లోకి మాన్యువల్ తిరిగి వచ్చింది.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ల కింద ఇలాంటి సెడాన్ ఒకటి మాన్యువల్‌లో ఉందని తెలిసి షోరూమ్‌కి వెళ్లాను. నడిపి చూడటానికి బండి లేదన్నారు. ఆర్డర్ ఇస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, తర్వాత అమ్ముకునేటప్పుడు ధర రాదని భయపెట్టారు, ఇదిగో ఈ ఆటోమేటిక్ అయితే ఈ వారమే ఇస్తామన్నారు. నేను కొనకుండా వచ్చేశాను. ఆ కంపెనీ పుస్తకాల్లో నేను "మాన్యువల్ వద్దనుకున్నవాడి"గానే ఉండి ఉంటాను. నాలాగా ఎంతమంది వెనక్కి వచ్చేశారో ఎవరూ లెక్కపెట్టరు.

ఇంత పట్టుదల ఎందుకని మా ఇంట్లోవాళ్లే అడుగుతారు. మలుపు ముందు కుడి కాలి వేళ్లతో బ్రేక్ తొక్కుతూనే మడమతో యాక్సిలరేటర్‌ని చిన్నగా తట్టి, మూడు నుంచి రెండుకి గేరు దించితే, ఇంజిన్ వేగమూ చక్రాల వేగమూ సరిగ్గా కలిసి బండి ఒక్క కుదుపు లేకుండా మలుపులోకి జారుతుంది. అది కుదరడానికి నాకు ఏళ్లు పట్టింది, ఇప్పటికీ పదిసార్లలో రెండుసార్లు తప్పుతుంది. కుదిరిన రోజు మాత్రం బండి దిగాక కూడా ఆ ఆనందం మనసులో ఉంటుంది. ఆ పని కంప్యూటర్ నాకంటే బాగా చేస్తుందని తెలుసు. చేసింది నేను అన్న తృప్తి దాంట్లో లేదు.

ఈ తృప్తి కావాలనేవాళ్లు ఉన్నారని కంపెనీలకీ తెలుసు. గేర్లే అక్కర్లేని ఎలక్ట్రిక్ కారు హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్‌లో గేరు మారినట్టు కుదుపూ శబ్దమూ కల్పించే ఏర్పాటు పెట్టారు. లెక్సస్ వాళ్లు ప్రయోగం కోసం ఒక ఎలక్ట్రిక్ కారులో ఏకంగా క్లచ్ పెడల్, గేరు రాడ్ అమర్చి చూపించారు. ఎవరికీ అక్కర్లేనిదాన్ని ఇంత కష్టపడి ఎందుకు తయారుచేస్తారు?

ప్రతి మోడల్‌లోనూ మాన్యువల్ పెట్టమని నేను అడగట్లేదు, ఆ ఖర్చు ఎవరూ భరించలేరు. స్పోర్టీ పేరు చెప్పుకునే ప్రతి కంపెనీ కనీసం ఒక్క సెడాన్‌లో, పూర్తి పవర్ ఉన్న ఇంజిన్‌తో, మంచి సీట్లూ మిగతా సౌకర్యాలూ తగ్గించకుండా మాన్యువల్ ఇవ్వాలి. ముందే అడ్వాన్స్ తీసుకుని ఆర్డర్లు వచ్చినన్నే తయారుచేయండి. అదనపు పరీక్షల ఖర్చు ధరలో కలిపినా నాలాంటివాళ్లు కడతారు, ఆరు నెలలు ఆగమంటే ఆగుతారు.

మీ విలేకరికి కూడా ఒక విన్నపం. ఈసారి ఏ కంపెనీ ప్రతినిధి అయినా "మాన్యువల్ ఎవరూ కొనట్లేదు" అంటే, ఏ ఇంజిన్‌తో ఇచ్చారు, ఎన్ని దేశాల్లో ఇచ్చారు, నడిపి చూడటానికి ఎన్ని షోరూముల్లో బండి ఉంచారు అని అడగండి. ఆ లెక్కలు వస్తే నేను చెప్పింది తప్పని తేలినా సరే, దయచేసి ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకుడు