స్టెరాయిడ్ కాదంట, మరి ఆ సీసాలో ఏటున్నట్టు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో జిమ్ముల్లో స్టెరాయిడ్ ఇంజక్షన్ల గురించి రాసేరు, బాగుంది, కానీ అది చదివి మా మేనల్లుడు "నేను వాడేది స్టెరాయిడ్ కాదు మావయ్యా" అని నాకే ఎదురు చెప్పేడు, అందుకే ఈ ఉత్తరం. మాది పర్లాకిమిడి, చిన్న మందుల షాపు. ఏరు దాటితే పాతపట్నం, మీ పేపరు అటునించే వస్తాది.

వాడు ఆర్మీ సెలక్షన్‌కని పొద్దున్న నాలుగున్నరకే గ్రౌండ్‌కి పోతాడు. 1600 మీటర్లలో ఆఖరి రౌండు దగ్గర చతికిలబడిపోతన్నాడని ఎవడో సీనియర్ ఆన్‌లైన్లో ఓ సీసా తెప్పించి ఇచ్చేడు, నాలిక కింద చుక్కలేసుకోడమేనంట. చేతికి తీసుకుని నేను ముందు చూసింది బ్యాచ్ నంబరు. లేదు. లైసెన్సు నంబరు లేదు, ఎక్స్‌పైరీ లేదు. కార్డరిన్ అని ఉంటే గుండె దడకిచ్చే కార్డరోన్ అనుకున్నాను ఒక్క నిమిషం, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అడుగున చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో, ల్యాబ్ పరిశోధనకి మాత్రమే, మనుషులు వాడరాదు అని! మరి మా వాడేటి, ఎలకా?

వాడన్నది నిజమే, స్టెరాయిడ్ కాదు. అసలు పేరు జీడబ్ల్యూ 501516. కణం లోపల న్యూక్లియస్‌లో పీపీఏఆర్ డెల్టా అని ఒక రిసెప్టర్ ఉంటాది, కొవ్వు కాల్చే జీన్లకి అది స్విచ్చు లాంటిది, ఈ కెమికల్ పోయి దాన్ని నొక్కితే కండ చక్కెర మిగుల్చుకుని కొవ్వు మండిస్తాది, అందుకే పరుగుకి పనికొస్తాదని పేరు. 2008లో అమెరికాలో సాల్క్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఎలకల్లో చూపించేరు కూడా, కానీ రోజూ పరిగెత్తించిన ఎలకలకే పనిచేసింది, కూర్చోబెట్టి మందొక్కటే ఇచ్చిన వాటికి పరుగు పెరగలేదు. అమ్మేవాడు ఆ సగం చెప్పడు.

ఇంకో సగం అయితే అసలే చెప్పడు. గ్లాక్సో కంపెనీ దీన్ని కొలెస్ట్రాల్ మందు చేద్దామని మనుషుల మీద ట్రయల్స్ దాకా వెళ్ళి, జంతువుల్లో చాలా అవయవాల్లో కేన్సర్లు కనబడ్డాయని 2007లో వదిలేసింది. 2009లో ఆటల్లో డోపింగ్‌ని అరికట్టే ప్రపంచ సంస్థ 'వాడా' (WADA) దీన్ని నిషేధించింది, 2013లో మళ్ళీ ప్రత్యేకంగా ఇది ఆరోగ్యానికే ప్రమాదం అని ఆటగాళ్ళని హెచ్చరించింది.

దీని అన్నదమ్ములు నా షాపులోనే ఉన్నాయి, అదే పీపీఏఆర్‌లో ఆల్ఫా రకాన్ని నొక్కే కొవ్వు మాత్ర ఫెనోఫైబ్రేట్, గామా రకాన్ని నొక్కే షుగర్ మాత్ర పయోగ్లిటజోన్, డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తాం. పయోగ్లిటజోన్ మీద మూత్రాశయం కేన్సర్ అనుమానం వస్తే 2013 జూన్‌లో ప్రభుత్వం దేశమంతా అమ్మకం ఆపించి, జులై ఆఖర్న హెచ్చరిక అచ్చేయించేకే మళ్ళీ వదిలింది. లైసెన్సున్న మాత్రకే అంత కాపలా, ఈ సీసాని అడిగే నాథుడు లేడు.

కాబట్టి ఈసారి రాసినప్పుడు స్టెరాయిడ్లు అని ఒక్క మాటతో సరిపెట్టేయకండి, దీని పేరు కూడా అచ్చేయండి. ఇక్కడ బోర్డులు ఒడియాలో, లేబుళ్ళు ఇంగ్లీషులో, మా ఇళ్ళల్లో పెద్దోళ్ళు చదవగలిగేది తెలుగొక్కటే.

సీసా నా గల్లాపెట్టిలో పెట్టి తాళం వేసేను. నాలుగు రోజులయ్యింది, వాడు షాపు ముందునించే పరిగెడతన్నాడు గానీ ఇటు చూడ్డం లేదు.

ఇట్లు,
ఒక మందుల షాపు ఆయన,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా