చూపించేది ఒకటి, దాచుకున్నది ఒకటి

ఒరేయ్,

నీ ఫైలు నిన్న రాత్రే తెరిచి చూశాను. టోటల్ తక్కువ వస్తోంది, ఎక్సెల్ పాడైపోయింది, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తానని రాశావు చూడు, ఆ పని మాత్రం పెట్టుకోకు. ఎక్సెల్‌కేమీ కాలేదు, ఫైలూ శుభ్రంగా ఉంది. నీ టోటల్ తగ్గించింది పదిహేడు సెల్స్ (గడులు), అంతే.

ఎలా పట్టుకున్నానంటే, హెడింగ్ వదిలేసి మొత్తం కాలమ్ మీద ఒక ఖాళీ సెల్‌లో కౌంట్ వేశాను, దాని పక్కన కౌంట్ఏ వేశాను. మొదటిది 4,195 అంది, రెండోది 4,212 అంది. కౌంట్ అంకెల్ని మాత్రమే లెక్కపెడుతుంది, కౌంట్ఏ ఖాళీగా లేని ప్రతిదాన్నీ లెక్కపెడుతుంది. అంటే పదిహేడు చోట్ల చూడ్డానికి అంకెలా ఉన్నది నిజానికి టెక్స్ట్. కాలమ్‌ని కూడే సమ్‌కి అలాంటిది ఎదురైతే అడగదు, ఆగదు, దాటేసి వెళ్లిపోతుంది. అందుకే ఎర్రర్ రాలేదు, మొత్తం మాత్రం తగ్గింది. అదే రెండు సెల్స్ మధ్య ప్లస్ పెట్టి కలిపితే ఎక్సెల్ ఆ టెక్స్ట్‌ని అంకెగా మార్చి మరీ కలుపుతుంది. విడివిడిగా కలిపితే సరిపోతోంది, సమ్ వేస్తే తగ్గుతోందని నువ్వు తల పట్టుకున్నది ఇందుకేరా.

ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి నంబర్ అని మార్చినా లాభం లేదన్నావు. ఉండదు. అది చొక్కా మార్చడమే, లోపలి మనిషి అలాగే ఉంటాడు. ఒక ఖాళీ సెల్‌లో 1 కొట్టు, దాన్ని కాపీ చెయ్యి, ఆ కాలమ్‌లో అంకెలున్న సెల్స్ సెలెక్ట్ చేసి పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై ఎంచుకో. ఒకటితో గుణించేసరికి టెక్స్ట్‌గా ఉన్నవన్నీ అంకెలైపోతాయి. ఆ తర్వాత కౌంట్, కౌంట్ఏ రెండూ కలవాలి. కలిశాకే టోటల్ నమ్ము.

ఇక నీ వీలుకప్ (VLOOKUP), అదే, ఒక కోడ్‌ని ఇంకో పట్టికలో వెతికి దాని ధర తెచ్చే ఫార్ములా. కోడ్ రెండు షీట్లలోనూ కళ్లకు కనిపిస్తూనే ఉంది, అయినా దొరకలేదంటోంది. నాకూ మొదట ఏమీ తోచలేదు. ఒక కోడ్ పట్టుకుని, అక్షరాలు లెక్కపెట్టే లెన్ వేశాను. ఆరక్షరాల కోడ్‌కి ఏడు వచ్చింది. చివర్న స్పేస్ ఉందనుకుని, అనవసరపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ వేశాను, అప్పుడూ ఏడే. అప్పుడు రైట్‌తో ఆ చివరి అక్షరాన్ని విడదీసి, అక్షరం నంబరు చెప్పే యూనికోడ్ ఫంక్షన్‌లో పెట్టాను. 160 అంది! మామూలు స్పేస్ నంబరు 32. ట్రిమ్ తీసేది దాన్నే. 160 వేరే రకం స్పేస్, వెబ్ పేజీలో లైను విరగకుండా ఉండటానికి వాడతారు. నువ్వు ఆ కోడ్లు ఏదో వెబ్ పేజీలోంచి కాపీ చేసుంటావు, అది కూడా వెంట వచ్చేసింది. సెల్ లోపలికి వెళ్లి ఆ చివరి స్పేస్ ఒక్కటే కాపీ చేసి, రీప్లేస్ బాక్సులో పై గడిలో పేస్ట్ చెయ్యి, కింది గడి ఖాళీగా ఉంచి రీప్లేస్ ఆల్ కొట్టు. పోతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. వీలుకప్ చుట్టూ ఇఫ్‌ఎర్రర్ చుట్టి, దొరక్కపోతే సున్నా చూపించమన్నావు. దయచేసి తీసెయ్యరా. పాత ఉద్యోగంలో నేనూ అదే చేశాను. షీటు ఎంతో నీటుగా కనిపించేది, ఒక్క ఎర్రర్ లేదు. మూడు నెలలపాటు దొరకని ప్రతి కోడ్ సున్నాగా టోటల్‌లో కలిసిపోయింది. పై వాళ్లు ఆ అంకెలు చూసి నిర్ణయాలు తీసుకున్నారు. ఆ మూడు నెలల షీట్లు మళ్లీ మొదట్నుంచీ చేసిన రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తే. ఎర్రర్ కనిపిస్తే అది మనకు సాయం చేస్తున్నట్టే. కారణం తెలిశాక, అది ఉండటం సబబే అని తేలాక మాత్రమే దాన్ని దాచాలి.

వీలుకప్‌లో ఇంకోటి చూశాను. రెండో షీట్‌లో నాలుగో ఆర్గ్యుమెంట్ (బ్రాకెట్లో చివర ఇచ్చే విలువ) వదిలేశావు. వదిలేస్తే ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుంటుంది, అంటే సరిగ్గా అదే కాకపోయినా దగ్గరిది ఇచ్చేస్తుంది. అదీ లిస్టు వరసలో ఉందని నమ్మి వెతుకుతుంది. నీ లిస్టు వరసలో లేదు. కాబట్టి ఒక కోడ్‌కి ఇంకో కోడ్ ధర వచ్చి కూర్చుంది, ఎర్రర్ లేకుండా. చివర ఫాల్స్ పెట్టు. పట్టిక రేంజికి (ఏ సెల్ నుంచి ఏ సెల్ దాకా అన్నదానికి) ఎఫ్4 కొట్టి డాలర్ గుర్తులు కూడా పెట్టు, లేకపోతే కిందికి లాగుతున్నకొద్దీ రేంజి కూడా జారిపోతుంది.

రేంజి దగ్గర ఎంత పెద్దవాళ్లైనా తడబడతారు. రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దేశాల అప్పు, వృద్ధి మీద 2010లో ఒక పేపర్ రాశారు, చాలా ప్రభుత్వాల చర్చల్లో దాని మాట వినిపించింది. 2013లో ఒక విద్యార్థి వాళ్ల షీట్ తెప్పించుకుని చూస్తే, యావరేజ్ 49వ వరస దాకా వెళ్లాల్సింది 44 దగ్గరే ఆగిపోయింది. ఐదు దేశాలు లెక్కలోకే రాలేదు. అందులో అదొక్కటే తప్పు కాదులే, కానీ ఆ ఫార్ములా మీద ఒక్కసారి డబుల్ క్లిక్ చేసుంటే రేంజి చుట్టూ వచ్చే రంగు గీత ఎక్కడ ఆగిందో కనిపించేది.

నువ్వు అడిగిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) గురించి. దాన్ని డబుల్ క్లిక్ చేసి తెరవకు. తెరిచీ తెరవగానే ఎక్సెల్ తనకు తోచినట్టు మార్చేస్తుంది. ముందున్న సున్నాలు పోతాయి, పదిహేను అంకెలు దాటిన నంబర్లలో మిగతావి సున్నాలైపోతాయి, తేదీలో రోజూ నెలా తారుమారవ్వచ్చు. తర్వాత సేవ్ కొట్టావంటే పోయినవి పోయినట్టే. జన్యువుల పేర్లు పెట్టే కమిటీ 2020లో మార్చ్1 లాంటి పేర్లనే మార్చుకుంది, షీట్లలో అవి తేదీలైపోతున్నాయని! డేటా మెనూలోంచి టెక్స్ట్ లేదా సీఎస్‌వీ అని తెచ్చుకో, కోడ్ కాలమ్‌ని టెక్స్ట్ అని చెప్పు. తెలుగు పేర్లు పిచ్చి గుర్తులుగా కనబడితే అక్కడే అక్షరాల ఎన్‌కోడింగ్‌గా యూటీఎఫ్-8 ఎంచుకో.

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో మాత్రం దాచకు. అందులో 65,536 వరసలే పడతాయి, కొత్తదాంట్లో 10,48,576. ఇంగ్లండ్‌లో 2020లో ఈ పాత ఫార్మాట్ పరిమితి వల్లే 15,841 కోవిడ్ కేసులు లెక్కలోకి ఆలస్యంగా వచ్చాయి. వాళ్లను కలిసినవాళ్లకు కబురు వెళ్లాల్సిన రోజుల్లో వెళ్లలేదు. అది చదివినప్పుడు నాకు చాలా బాధేసింది.

నువ్వు మార్చిన అంకె టోటల్‌లో కదలడం లేదన్నావు కదా, ఫార్ములాస్ ట్యాబ్‌లో కాలిక్యులేషన్ మాన్యువల్‌లో (మనం చెప్తే తప్ప మళ్లీ లెక్కెయ్యదు) ఉందేమో చూడు. మొదట తెరిచిన ఫైలు ఎలా ఉంటే తర్వాత తెరిచినవన్నీ అలాగే నడుస్తాయి. ఆటోమేటిక్‌కి మార్చు.

పదిహేడు సెల్స్‌కీ పసుపు రంగు వేసి ఫైలు తిరిగి పంపుతున్నాను. నేనేమీ సరిచెయ్యలేదు, నీ చేత్తో నువ్వే చెయ్యి. ముందు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకో. రెండో షీట్‌లో ఫాల్స్ పెట్టాక ఎన్ని ధరలు మారాయో లెక్కపెట్టి రాయి, ఆ నంబరు చూశాకే పాత నెలల షీట్లు కూడా తెరవాలో లేదో చెప్పగలను.

ఉంటాను,
నీవాణ్ణే